సముద్రం లేని చోట కప్పచేప

సముద్రతీరానికి సుమారు 300 కిలోమీటర్ల దూరాన, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న సికింద్రాబాద్ సీతాఫల్‌మండిలో, ఒక గాజుతొట్టె అడుగున రాయిలా కదలకుండా పడివుండి దగ్గరికొచ్చిన చేపను మింగే సముద్రపు వేటచేపను పెంచడం ఈనాడు సాధ్యమేనంటే, దాని వెనక ఉన్నది చేపల చరిత్ర కన్నా ఉప్పునీటి చరిత్రే.

కప్పచేప అనే ఈ చేప గురించిన ఎరుక మాత్రం తెలుగు తీరానికి పాతదే. వైద్యుడు పాట్రిక్ రసెల్ 1781లో తన సోదరుడితో కలిసి భారతదేశానికి వచ్చి, విశాఖపట్నంలో ఉన్న కాలంలో అక్కడి వలల్లో పడిన చేపలను చిత్రకారుల చేత గీయించి, వాటి స్థానిక నామాలను కూడా రాసుకుని, 1803లో లండన్‌లో 200 చేపల వర్ణనతో రెండు సంపుటాలను ప్రచురించాడు. రక్తపింజరికి శాస్త్రీయ నామంలో తన పేరు దక్కినందువల్ల అతన్ని పాముల వైద్యుడిగానే తలచుకునేవారు ఎక్కువ. చేపల మీద అతని కృషికి రావలసినంత పేరు రాలేదు. కప్పచేపను అతను ‘కప్ప మూర మోజా’ అనీ, విషపు ముళ్లున్న మరో చేపను ‘కోడిపుంగి’ అనీ నమోదు చేశాడు. విదేశీయుడి చెవికి అందిన ఈ పేర్ల వెనక కప్పనూ కోడిపుంజునూ పోల్చుకోవడం తెలుగు పాఠకుడికి కష్టం కాదు. అంతకు రెండేళ్ల ముందు, 1801లో, బ్లోఖ్, ష్నైడర్ అనే జర్మన్ పండితులు కోరమాండల్ తీరపు నమూనా ఆధారంగా ఇదే కప్పచేపకు శాస్త్రీయ నామం పెట్టారు.

ఈ చేప ఈదడానికి పెద్దగా ఇష్టపడదు. చేతుల్లాంటి రొమ్ము రెక్కల మీద ఆనుకుని నేలపై నడుస్తుంది. చర్మం మీది పీచులూ మచ్చలూ దాన్ని స్పంజిముక్కలాగా, నాచు పట్టిన రాయిలాగా చూపిస్తాయి. రోజులూ వారాలూ గడిచేకొద్దీ చుట్టూ ఉన్న రంగుకు తగ్గట్టు తన రంగును కూడా మార్చుకోగలదు. వీపు రెక్కలోని మొదటి ముల్లు గాలపుకర్రగా మారి, దాని కొసన దూదిపింజ లాంటి ఎర వేలాడుతుంది. ఆ ఎరను చూసి వచ్చిన చేపను అది కొరకదు; నోటిని ఒక్కసారిగా తెరచి, నీటితో సహా లోపలికి పీల్చేస్తుంది. సెకనులో వందోవంతు కూడా పట్టని ఈ పనిలో తనంత పొడవున్న చేపను సైతం మింగగలదు కాబట్టి, దాని తొట్టెలో మరో చేపను ఉంచడమంటే ఆహారం వేయడమే.

తొలినాటి చేపల ప్రదర్శనశాలలు చాలావరకు తీరాన్నే ఆశ్రయించాయి. తెలుగు జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న రోజుల్లో, 1909లో, మద్రాసు మ్యూజియం అధిపతిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ చొరవతో మెరీనా ఒడ్డున అక్వేరియం వెలిసింది. 1951లో బొంబాయిలో తెరచిన తారాపోరేవాలా అక్వేరియమూ, ఆ తరవాత విశాఖ బీచ్‌లో వచ్చిన మత్స్యదర్శినీ సముద్రానికి ఎదురుగా ఉన్నవే. 1889లో బెజవాడకు రైలుమార్గం పూర్తయి నిజాం రాజ్యం తీర జిల్లాలతో కలిసిందన్న మాట నిజమే గానీ, మంచులో పెట్టిన చేపకు రైలు చాలుతుంది. బతికి ఉండవలసిన చేపకు మాత్రం నెలనెలా మార్చేందుకు సముద్రపు నీరు కావాలి.

ఆ నీటిని ఒడ్డుకు దూరంగా తయారు చేసుకునే దారిని 1854లో ఇంగ్లండులో ఫిలిప్ హెన్రీ గాస్ చూపాడు. మామూలు ఉప్పు, భేది ఉప్పుగా వాడే మెగ్నీషియం సల్ఫేటు, మెగ్నీషియం క్లోరైడు, పొటాషియం క్లోరైడు లెక్క ప్రకారం కలిపి, ముందుగా సముద్రపు నాచును అందులో పెంచి, నీరు కుదురుకున్నాకే జీవాలను వదిలాడు. 1960ల్లో అమెరికాలో ఇలాంటి మిశ్రమాలు పొడిగా సంచుల్లో అమ్మకానికి వచ్చాయి. సీతాఫల్‌మండిలో పెంచదలచినవారికీ ఆధారం ఆ పొడే.

దక్కను రాతినేల బోరునీరు కఠినజలం, అంటే సున్నం వంటి ఖనిజాలు ఎక్కువగా కరిగిన నీరు, కాబట్టి దాన్ని ఆర్వో యంత్రంలో వడపోసి లీటరుకు సుమారు 35 గ్రాముల పొడి కలపాలి. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు వడపోత రాళ్లలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ గడువు ఆగలేనివారి తొట్టెల్లోనే చేపలు చస్తాయి. 40 డిగ్రీలు దాటే హైదరాబాదు వేసవిలో నీటిని 25 డిగ్రీల దగ్గర నిలపడానికి శీతల యంత్రం కూడా కావాలి. చచ్చిన రొయ్యను ముట్టని కొత్త చేపకు, దాన్ని సన్నటి పుల్లకు గుచ్చి ప్రాణమున్నట్టు ఆడిస్తే అలవాటవుతుంది. కప్పచేపను వలతో పైకి ఎత్తకూడదు. గాలి మింగితే దాన్ని బయటికి వదలలేక తేలిపోతుంది, అందుకని నీటిలోనే గిన్నెలోకి మళ్లించాలి.

ఇదే తీరున దాక్కునే రాతిచేప వేరే సంగతి. దాని వీపున ఉన్న 13 ముళ్లలో విషం ఉంటుంది. గుచ్చుకుంటే, చర్మం కాలనంత వేడినీటిలో ఆ భాగాన్ని ముంచి వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఆ విషానికి విరుగుడు మందును 1959లో ఆస్ట్రేలియాలో తయారు చేశారు. పిల్లలున్న ఇంట్లో రాతిచేపను పెంచడం సాహసం కాదు, అవివేకం. ఇక తొట్టెను అలంకరించే విషయానికి వస్తే, 2001 నుంచి పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు తెచ్చారు కాబట్టి, సముద్రం నుంచి తీసిన పగడపు ముక్కను ఎవరు అమ్మజూపినా కొనకూడదు.