గడియారం ఎవరిది?

పని గంటల చరిత్రను మనం చట్టాల చరిత్రగానే చదువుతాం. అది గడియారాల చరిత్ర, హాజరుపట్టీల చరిత్ర కూడా అని నా అభిప్రాయం. వెనకటి బ్రిటిషు మిల్లుల్లో గడియారం యజమానిది. ఉదయం ముందుకూ, సాయంత్రం వెనక్కూ తిప్పినా అడిగే నాథుడు లేడు. అందుకే 1844 ఫ్యాక్టరీ చట్టం, మిల్లు గడియారాన్ని దగ్గరి రైల్వే గడియారం వంటి బహిరంగ గడియారంతో సరిచూడాలనీ, పనివేళలు అచ్చువేసి తగిలించాలనీ శాసించింది. ‘కాపిటల్’లో పనిదినం అధ్యాయానికి మార్క్స్ సాక్ష్యం తెచ్చుకొన్నది లెనార్డ్ హార్నర్ వంటి తనిఖీదారుల నివేదికల నుంచే.

ఇక మన దేశానికి వస్తే, 1922లో వారానికి 60 గంటలుగా ఉన్న పరిమితి 1946లో 48కి దిగింది. రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలన్నది 1948 చట్టం. అయితే హాజరుపట్టీ రాసేది యజమాని గుమాస్తాయే. పట్టీలోకి ఎక్కని గంటకు రెట్టింపు కట్టినా సున్నాయే!

2020 ఏప్రిల్‌లో గుజరాత్ ప్రభుత్వం కోవిడ్ పేరుతో 12 గంటల పనిదినాన్ని అనుమతించి, రెట్టింపు వేతనాన్ని తొలగించింది. అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసి, ఓవర్‌టైము బాకీలు చెల్లించమన్నది. ఆ బాకీ తేల్చాలన్నా మళ్ళీ ఆ పట్టీయే దిక్కు. చట్టం సాధించడం పోరాటంలో సగమే. పట్టీ నకలు కార్మికుడి చేతికి రావడం తక్కిన సగం.