రెన్ కట్టిన రెండు భోజనశాలలు

క్రిస్టఫర్ రెన్ అనగానే సెయింట్ పాల్స్ కేథడ్రల్ గుమ్మటం గుర్తొస్తుంది. ఆయనే వృద్ధ సైనికుల కోసం లండన్‌లో రెండు భోజనశాలలు కూడా కట్టాడు. చెల్సీలోది సిపాయిలకు, గ్రీనిచ్‌లోది నావికులకు. చూడ్డానికి వచ్చేవాళ్లంతా గ్రీనిచ్‌కే ఎగబడతారు. నా ఓటు మాత్రం చెల్సీకి. భోజనశాలను బేరీజు వేయాలంటే ముందు చూడాల్సింది, ఎవరి కోసం కట్టారో వాళ్లు అందులో కూర్చుని తిన్నారా లేదా అన్నది.

చెల్సీ ఆశ్రయ గృహానికి 1682లో రెండో చార్లెస్ రాజు పునాది వేయించాడు. 1692 నాటికి 476 మంది వృద్ధ సిపాయిలు అక్కడ చేరారు. ఎర్ర ఇటుక కట్టడం, దాని నడుమ ఎనిమిది పలకల నడవా. ఆ నడవాలో నిలబడితే ఒకవైపు ప్రార్థనా మందిరం, ఎదురుగా భోజనశాల. రెంటికీ మెట్లెక్కే వెళ్లాలి, ఎత్తులోనూ పొడవులోనూ ఒకదానికొకటి జోడీ. దేవుడికి ఇచ్చిన కొలతలే సిపాయి అన్నం గదికీ ఇచ్చాడు రెన్. లోపల నలుపు తెలుపు రాతి పలకల నేల, వరసగా పొడవాటి బల్లలు. గోడలకు మనిషి ఎత్తు దాటి చెక్క పలకలు, వాటి పైన నిలువెత్తు కిటికీలు. వెలుతురు రెండు వైపుల నుంచీ బల్లల మీద పడుతుంది. ఆడంబరమంతా చివరి గోడ మీదే ఉంది. గుర్రమెక్కిన చార్లెస్‌ను అక్కడ చిత్రకారుడు వెరియో చిత్రించాడు.

గ్రీనిచ్‌లో కథ వేరు. అక్కడి హాలును చిత్రకారుడు జేమ్స్ థార్న్‌హిల్‌కు అప్పగించారు. 1707లో మొదలుపెట్టి 1726 దాకా, 19 ఏళ్లు ఆయన గోడలూ కప్పూ చిత్రాలతో నింపాడు. కప్పుకు చదరపు గజానికి 3 పౌండ్లు, గోడలకు 1 పౌండు చొప్పున కూలి కట్టి, మొత్తం 6,685 పౌండ్లు ఇచ్చారు. అది మహత్తరమైన పనే, కాదనను. కానీ పూర్తయ్యేసరికి అది ముసలి నావికులు తిండి తినే చోటు కాదనిపించింది పెద్దలకు. వాళ్ల బల్లలను కింది అంతస్తులోని కమానుల గదికి దించి, పై హాలు చూడ్డానికి వచ్చేవాళ్ల దగ్గర రుసుం వసూలు చేశారు. కప్పు మీద శీతాకాలానికి ప్రతీకగా గీసిన గడ్డపు తాత జాన్ వర్లీ ఆ ఆశ్రమవాసే. ఆయన రూపానికి దొరికిన చోటు తోటివాళ్ల కంచాలకు దొరకలేదు.

కింద కూర్చున్నా తిండి అందింది కదా, అంత గొప్ప కళ ముందు ఇదెంత నష్టం అని అడగవచ్చు. ఆశ్రమం నడవడానికి ప్రతి నావికుడి జీతంలోంచి నెలనెలా 6 పెన్నీలు కోసేవారు. తమ కష్టార్జితం పోసిన ఇంట్లో తామే నేలమాళిగకు దిగాల్సి రావడం చిన్న నష్టం కాదు. చెల్సీ మాత్రం నిష్కళంకమా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. కాదు. 19వ శతాబ్దంలో అక్కడా భోజనాలు ఆగిపోయాయి. ఫ్రెంచి సైన్యంతో కుదిరిన సింత్రా ఒప్పందంపై 1808 నాటి సైనిక విచారణ ఆ హాల్లోనే జరిగింది. 1852లో సేనాని వెల్లింగ్టన్ భౌతికకాయాన్ని అక్కడే ఉంచారు, చూడ్డానికి వచ్చిన జనం తొక్కిసలాటలో ప్రాణాలు పోయాయి. అయినా ఆ గదిని తినే గదిగానే కట్టారు గనుక మళ్లీ బల్లలు వేస్తే సరిపోయింది. 1955లో వేశారు. గ్రీనిచ్‌లోనూ 1939లో వంటకాల వాసన తిరిగొచ్చింది. అప్పటికి ముసలి నావికులు వెళ్లిపోయి 70 ఏళ్లు. తిన్నది ఆ భవనాల్లోకి వచ్చిన నౌకాదళ కళాశాల అధికారులు, అదీ 1998 దాకానే.

గ్రీనిచ్ హాలు ఇవాళ టికెట్టు కొని చూసే ప్రదర్శనశాల. 2009 నుంచి మహిళా సైనికులనూ చేర్చుకుంటున్న చెల్సీలో, రెన్ కట్టిన హాల్లోనే ఇప్పటికీ రోజూ భోజనాలు వడ్డిస్తున్నారు.