వేరుకు చలి పెడితే

సంక్రాంతికి ఇంకా వారం ఉంది. జహీరాబాద్ దగ్గర ఎర్రనేలల్లో ఒక నర్సరీ, పొద్దున ఏడు. షేడ్‌నెట్ ఎత్తి లోపలికి వంగారు. నెట్ మీది మంచు చుక్క మీ మెడ మీద పడి జిల్లుమంది. ఎదురుగా నల్లటి ట్రేలు, గుంతకొక కర్బూజ మొక్క. రెండు బీజదళాలు విప్పుకుని ఉన్నాయి, మధ్యలో గోరంత ఆకు. నాలుగు రోజులుగా అది గోరంతే.

కొబ్బరిపొట్టులో వేలు గుచ్చండి. తడి ఉంది, కానీ ఐసులా ఉంది. థర్మామీటర్ 13 డిగ్రీలు చూపిస్తోంది. గుంతలో పట్టే పొట్టు గుప్పెడు కూడా కాదు, రాత్రి గాలి చల్లబడితే దానితోపాటే చల్లబడుతుంది. నేల అలా కాదు. బయట మల్చింగ్ షీటు పరిచిన బెడ్‌లో అదే థర్మామీటర్ నాలుగు అంగుళాలు దించితే 20. పక్కన షీటు లేనిచోట 17.

పది దాటింది, ఎండ చురుక్కుమంటోంది. వింత ఇప్పుడు చూడండి: తడి పొట్టులో ఉన్న మొక్కలే వడలి తలలు వేలాడేశాయి. మీ చెయ్యి నీళ్ల డబ్బా మీదికి పోయింది.

"పొయ్యకు బిడ్డా," అంది నర్సరీ పెద్దమ్మ. "నీళ్లున్నయి. గుంజుకునే బలమే లేదు."

సరిగ్గా అదే. ఆకుకు ఎండ తగిలి ఆవిరి పోవడం మొదలైంది, వేరు మాత్రం ఇంకా రాత్రి చలిలోనే ఉంది. చల్లబడిన వేరు కణాల పొరలు బిగుసుకుని నీటిని తొందరగా రానివ్వవు. నీరూ చల్లదనానికి చిక్కబడి మెల్లగా కదులుతుంది. భాస్వరం సరిగా అందదు. ఇప్పుడు మళ్లీ తడిపితే నారుకుళ్లును పిలిచినట్టే, మొదళ్లు మెత్తబడి మొక్కలు వాలిపోతాయి. ట్యాంకులో రాత్రంతా నిలిచిన నీళ్లయితే మరీ చేటు. తప్పదనుకుంటే అప్పుడే బోరు నుంచి వచ్చే గోరువెచ్చని నీళ్లు పెట్టాలి.

మధ్యాహ్నానికి పొట్టు 27కు చేరింది. ఎవరూ ఏమీ చేయకుండానే ఆకులు లేచాయి. కర్బూజ వేరుకు 25 నుంచి 30 డిగ్రీలు హాయి, 15 కిందికి పోతే పెరుగుదల దాదాపు ఆగినట్టే. పొద్దు వాలకముందే పెద్దమ్మ ట్రేల మీద పాలిథిన్ కప్పిస్తోంది. మళ్లీ పొద్దున ఎండ రాగానే తీయిస్తుంది, లేకపోతే ఉడికిపోతాయి.

నాటబోయే రైతులకు ఒక మాట. టీవీలో చెప్పేది గాలి వేడి. మీరు పొద్దున ఏడింటికి నేలలో నాలుగు అంగుళాల లోతున చూసుకోండి. వరసగా మూడు రోజులు 18 దాటితేనే ట్రేలు పొలానికి కదపండి.