ఇందూరు వాడుకలో ఆంగ్ల పదాలు: జపాను భాషతో ఒక పోలిక

అన్యదేశ్యం అనే సంప్రదాయ విభాగం ఒక పదం పరభాషకు చెందిందని చెబుతుంది. అది ఏ దారిన వచ్చిందో, వచ్చాక ఏమైందో చెప్పదు. నిజామాబాదు జిల్లా వాడుకలోని ఆంగ్ల పదాలను ‘గ్రామ్యోచ్చారణ’గా తోసిపుచ్చే అలవాటుకు ఈ లోటు కొంత కారణం. ఇందల్వాయి నుంచి ఆర్మూరు పసుపు సీమ వరకు వినిపించే కొన్ని పదాలను జపాను భాష స్వీకరించిన ఆంగ్ల పదాల పక్కన నిలిపి చూస్తే, అపభ్రంశంగా తోచేది నియమబద్ధమైన స్వీకరణేనని తెలుస్తుంది.

తెలుగు అజంత భాష. జపాను భాషలోనూ అనునాసికం తప్ప మరో హల్లు పదాంతంలో నిలవదు. అందుకే ఆంగ్లంలోని ‘బస్’ ఇక్కడ ‘బస్సు’, అక్కడ ‘బసు’ అయింది. ‘బెడ్’ ఇక్కడ ‘బెడ్డు’, అక్కడ ‘బెద్దో’. హల్లును ద్విత్వం చేయడంలో కూడా ఈ రెండు భాషలు ఒక్కోచోట కలుస్తాయి. సంయుక్తాక్షరాల దగ్గర దారులు వేరవుతాయి. జపాను భాష ‘స్ట్రైక్’ను ‘సుతొరైకు’ అని విడదీయక తప్పదు. సంస్కృత తత్సమాలకు అలవాటుపడిన చదువరి తెలుగుకు ‘స్ట్రైకు’ కష్టం కాదు. ‘స్త్రీ’ శబ్దం పలికే నోటికి అదెంత? పల్లె నోట ‘స్టేషను’ ‘టేషను’ కావడమే అచ్చతెలుగు పదనిర్మాణానికి దగ్గర.

పదం నడిచిన దారి అంతకంటె ముఖ్యం. 1948 వరకు ఈ ప్రాంతంలో పాలనాభాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు బోధనాభాష కూడా అదే. సికింద్రాబాదు–మన్మాడు మీటరుగేజి మార్గం మీద రైలు తిరిగిన కాలంలో ఆంగ్ల పదాలు చాలావరకు ఉర్దూ రూపంలోనే ఇక్కడి చెవిన పడ్డాయి. కోస్తాలో ‘లాంతరు’ అన్నది ఇక్కడ ‘లాల్టేను’. కోస్తా ‘గ్లాసు’ ఇక్కడ ‘గిలాస’. ఇందులోని ఇకారం ఉర్దూ ‘గిలాస్’ది. సి.పి. బ్రౌన్ 1854లో మిశ్రభాషా నిఘంటువు వెలువరించినా, ఆయన ఉద్యోగజీవితం మద్రాసు రాజధానిలోనే గడిచింది. కోస్తా రూపాన్ని ప్రమాణంగా, నిజాం సీమ రూపాన్ని వికారంగా ఎంచడానికి భాషాశాస్త్రపరంగా ఆధారమేదీ లేదు.

అర్థ నిర్మాణానికి ‘సైకిల్‌మోటరు’ మంచి ఉదాహరణ. ఆంగ్లంలో మోటారు ముందు, సైకిలు తరువాత. తెలంగాణ వాడుక దాన్ని తిరగేసింది. ఇది తడబాటు కాదు. ఇక్కడ ‘మోటరు’ యంత్రవాహనానికే పేరు. తెలుగు సమాసంలో ప్రధానపదం చివర వస్తుంది కనుక సైకిలు వంటి మోటరు ‘సైకిల్‌మోటరు’ అయిందని వివరించవచ్చు. జపాను వారు ఇదే వాహనానికి ఆటో, బైకు అనే రెండు ముక్కలు అతికి ‘ఓతొబై’ అన్నారు. రెండు జాతులూ ఒకే బండికి ఆంగ్లపు ముక్కలతోనే ఆంగ్లేయులకు తెలియని పేర్లు పెట్టుకోవడం ముచ్చటైన సంగతి. పదాన్ని కత్తిరించడమూ ఇటువంటిదే: ‘బిల్డింగ్’ అక్కడ ‘బిరు’, ‘బోర్‌వెల్’ ఇక్కడ ‘బోరు’. పసుపు రైతు బోరు వేస్తాడు, కరెంటు కోసం కాచుకుంటాడు. ప్రవాహమనే మూలార్థం ‘కరెంటు’లో మిగలలేదు.

ఈ స్వీకరణ ఎంత లోతైనదో ‘పసుపు బోర్డు’ చెబుతుంది. 2019 లోక్‌సభ ఎన్నికలో నిజామాబాదు నుంచి 185 మంది పోటీ చేశారు. వారిలో 170 మందికి పైగా రైతులు. వారి ప్రధానమైన కోరిక పేరులో మొదటి పదం తెలుగు, రెండవది ఆంగ్లం. వైరి సమాసాన్ని నిందించే లాక్షణికుడు దీన్ని ఒప్పడు. ‘మండలి’ అనే సిద్ధమైన మాట ఉన్నా వాడుకలో నిలిచింది ‘బోర్డు’ మాటే. 2025 జనవరి 14న నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమైన సంస్థకూ అదే పేరు.

జపాను భాష పరాయి పదాలను కతకానా లిపిలో వేరుగా చూపుతుంది. తెలుగు లిపిలో ఆ భేదం లేదు కనుక నిర్ణయభారం నిఘంటుకర్తపై పడుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన ‘మాండలిక వృత్తి పదకోశం’ వ్యవసాయ సంపుటి జిల్లాల వారీగా రైతుల నోటి మాటలను సేకరించింది. బోరు, స్టార్టరు, పసుపు ఉడకబెట్టే బాయిలరు వంటి మాటలకు ఆ పద్ధతి మళ్లీ అవసరం. ఇటీవలి ముద్రణలో ‘బోర్’, ‘కరెంట్’ అని పొల్లుతో రాయడం పెరిగింది. మాటలో మాత్రం విభక్తి చేరగానే ‘బోరుకు’, ‘కరెంటుతో’ అని ఆ ఉకారం తిరిగి వస్తూనే ఉంది.