చంక నుంచి సంచి దాకా

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని మన సామెత. మా అమ్మాయికి ఐదో నెల నిండినప్పుడు సాల్మియాలోని ఒక దుకాణంలో నేను చేసిన పని అక్షరాలా అదే. పిల్లను చంకనెత్తుకుని, పిల్లల్ని మోసే సంచుల వరస ముందు అరగంట నిలబడ్డాను. చదివింది వైద్యమే అయినా ఏది కొనాలో తోచలేదు. చివరకు చూడటానికి అందంగా ఉన్నదాన్ని తెచ్చాను. కాళ్ళ మధ్య పట్టీ నాలుగు వేళ్ళ వెడల్పు. పిల్ల ముఖం బయటికి, కాళ్ళు రెండూ నిలువుగా కిందికి. రాజంపేట నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు ఒక్క చూపు చూసి, "బిడ్డను చిలక్కొయ్యకు తగిలించినట్టు తగిలించినావే!" అన్నారు.

నవ్వి ఊరుకున్నాను గాని ఆ మాట మనసులో ఉండిపోయింది. అసలు ఈ సంచి ఎక్కడిది, ఎవరు కుట్టారు అని చదవడం మొదలుపెట్టాను.

అమెరికా సరుకని మనం అనుకునే ఈ వస్తువుకు పుట్టిల్లు పశ్చిమాఫ్రికా. 1960ల మొదట్లో ఏన్ మూర్ అనే అమెరికన్ నర్సు పీస్ కోర్ తరఫున టోగో దేశంలో పనిచేసింది. అక్కడి తల్లులు పిల్లల్ని గుడ్డతో వీపుకు కట్టుకుని పనులకు పోవడం, ఆ పిల్లలు నెమ్మదిగా ఉండటం గమనించింది. స్వదేశం వెళ్ళి, తనకు పాప పుట్టాక అలాగే కట్టుకోబోతే పిల్ల జారిపోయేది. అలవాటు లేని చేతులు కదా! అప్పుడు ఆమె తల్లి లూసీ ఆకర్‌మన్ భుజాలకు పట్టీలు పెట్టి సంచిలా కుట్టి ఇచ్చింది. 1969లో దానికి పేటెంటు వచ్చింది. స్నగ్లీ అన్న పేరుతో దేశదేశాలు తిరిగింది. ఆ పాత స్నగ్లీలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. గుడ్డను మడతలు పెట్టి కుట్టేవారు. పిల్ల ఎదిగేకొద్దీ ఆ కుట్లు విప్పి సంచిని పెద్దది చేసుకోవచ్చు. మన అమ్మలు పరికిణీకి టక్కులు వేయించి, ఏడాదికొకటి విప్పినట్టే. (అన్నట్లు, ఆక్సిజన్ సిలిండరు మోసుకు తిరిగే సంచిని కూడా తరువాత ఆవిడే తయారుచేసింది.)

ఇక చిలక్కొయ్య సంగతి. పుట్టిన బిడ్డకు తుంటి గుంట చాలావరకు మెత్తని మృదులాస్థి. తొడ ఎముక తల అందులో సరిగ్గా కుదురుకుని ఉంటేనే ఆ గుంట లోతుగా పెరుగుతుంది. కాళ్ళు చాపి బిగించి చుట్టే అలవాటున్న చోట్ల తుంటి తొలగడం ఎక్కువని వైద్యులు గమనించారు. పిల్లల్ని పలకకు కట్టి మోసే ఉత్తర అమెరికా ఆదిమజాతుల్లో అది కనిపించింది. జపానులో 1970ల నడుమ, పసివాళ్ళ కాళ్ళు చాపి కట్టవద్దని ప్రచారం చేశాక ఆ జబ్బు బాగా తగ్గింది. చెక్ వైద్యుడు ఆర్నాల్డ్ పావ్లిక్ 1940లలో తయారుచేసిన పట్టీలు ఇప్పటికీ ఆరు నెలల లోపు పిల్లలకు వాడుతున్నాం. అవి చేసే పనల్లా మోకాళ్ళు పైకి మడిచి, తొడలు రెండు పక్కలకు ఉంచడం. కళ్ళు మూసుకుని ఆ భంగిమను ఊహించుకోండి. చంకనెక్కిన బిడ్డ! మా అత్తగారు పావ్లిక్ పేరు వినలేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న తుంటిని ఇరుకు సంచి గంటసేపట్లో పాడుచేయదు. అయినా తొలి ఆరు నెలల్లో తొడలకు మోకాళ్ళ దాకా ఆనుడు ఉండే వెడల్పు సంచే మేలు. చంక కూడా మొదటి రోజు నుంచీ పనికిరాదు. మెడ నిలిచేదాకా మనవాళ్ళు బిడ్డను చేతుల్లోనే ఎత్తుకునేవారు. దీనికీ కారణం ఉంది. లోతైన జోలె రకం సంచుల్లో పసికందు గడ్డం రొమ్ముకు ఆని ఊపిరాడకపోవచ్చని, ముఖ్యంగా నాలుగు నెలల లోపు పిల్లలకు జాగ్రత్త అని 2010 మార్చిలో అమెరికా ప్రభుత్వం హెచ్చరించింది. కాబట్టి ముఖం మనకు కనబడుతూ, గడ్డం ఎత్తి ఉండాలి. మెడ నిలిచి కూర్చోవడం వచ్చాక తుంటి మీదికో వీపు మీదికో మార్చుకోవచ్చు.

కువైట్‌లో ఎండ సంగతి వేరే చెప్పాలా! 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. సంచిలో రెండు ఒళ్ళ వేడి ఒకచోట చేరుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పగటిపూట బయట ఏ సంచీ వద్దనే నా సలహా.

చిలక్కొయ్యను అటకెక్కించి వెడల్పాటి నూలు సంచి తెచ్చాను. నేను డ్యూటీకి పోతే పాపను చూసుకునే ఆమెది రాయచోటి దగ్గర పల్లె. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇలా వచ్చి, ఇక్కడి ఇళ్ళలో పిల్లల్ని చంకన మోసి పెంచిన తెలుగు తల్లులు ఎందరో. ఇంటిపనివారికి వారానికొక సెలవు రాసిపెట్టిన చట్టం 2015లో గాని రాలేదు. ఆమె కొత్త సంచిని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టింది.

"నాకెందుకమ్మా ఇది? మావోణ్ణి నేను ఎత్తుకునింది ఎనిమిది నెలలే. ఆ మీదట మాయమ్మే మోసింది," అని పాపను చంకనేసుకుంది.

వాడికిప్పుడు పన్నెండేళ్ళు. ఫోనులో ఫొటో చూపించింది. అమ్మమ్మ భుజం దాటి ఎదిగాడు.