ఊపిరికి ఊతము: నరముల వ్యాధిగల శిశువుల శ్వాసరక్షణ చరిత్ర

అన్నము తినుచున్న బిడ్డకు పొలమారినప్పుడు తెలుగింటి తల్లి నడినెత్తిపై తట్టి, ఎవరో తలచుకొనుచున్నారని నవ్వును. ఆరోగ్యవంతుడైన శిశువునకు అది క్షణకాలపు బాధ. రెండు దగ్గులతో తీరిపోవును. మెదడుగాని, వెన్నుపాముగాని, నరములుగాని వ్యాధిగ్రస్తములైన శిశువునకు మాత్రము పొలమారుట నవ్వదగిన విషయము కాదు. అట్టి శిశువు గట్టిగా దగ్గలేడు. శ్వాసనాళమున దిగిన పాలచుక్క, మెతుకు, చొంగ అచ్చటనే నిలిచి ఊపిరితిత్తులను చెరచును. కొలది దినములకు జ్వరము వచ్చును, బిడ్డ డొక్కలెగరవేయును. ఇట్టి శిశువులలో అనేకులను బలిగొనునది నరముల వ్యాధి కాదు. దాని వెనువెంట వచ్చు ఊపిరితిత్తుల వ్యాధియే.

ఈ బిడ్డల ఊపిరిని నిలుపుటకు జరిగిన ప్రయత్నముల చరిత్రను సంగ్రహముగా తెలుపుట ఈ వ్యాసోద్దేశము. ఆ చరిత్ర ముఖ్యముగా బోస్టను, కోపెన్‌హాగెన్ నగరములలో నడచినది. ఐనను మదరాసున విద్య గడించిన యొక తెలుగు వైద్యుని కృషియు దానిలో చేరియున్నది. కావున ఈ సంపుటమున దానికి చోటు కలదని నమ్ముచున్నాను.

శ్వాసరక్షణకు మూడు శక్తులు వలయును. రొమ్మునకును కడుపునకును నడుమనున్న కండరపు పొరయు, ప్రక్కటెముకల నడిమి కండరములును గాలిని లోనికి లాగవలయును. దగ్గు కఫమును వెలికి నెట్టవలయును. మ్రింగునపుడు కంఠద్వారము మూతపడవలయును. ఈ మూడింటిని నడపునవి నరములే. పోలియో వ్యాధి వెన్నుపామును తాకినచో మొదటి రెండు శక్తులును సన్నగిల్లును; మెదడు క్రిందిభాగమును తాకినచో మ్రింగుటయు చెడును. ఈ భేదమును గుర్తించుటకు వైద్యులకు చాలకాలము పట్టినది.

1928లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫిలిప్ డ్రింకర్, లూయీ అగస్సీ షా అనువారు పెద్ద పెట్టెవంటి యంత్రము నొకదానిని నిర్మించిరి. రోగి తల తప్ప దేహమంతయు అందులో నుండును. పెట్టెలోని గాలిని లాగివేయగా రొమ్ము ఉబ్బి, నోటిగుండ గాలి లోనికి వచ్చును. మరల గాలి నింపగా రొమ్ము అణగి ఊపిరి వెలికిపోవును. దీనికే ‘ఇనుప ఊపిరితిత్తి’ అను పేరు ప్రసిద్ధమైనది. ఆ యేట అక్టోబరు మాసమున బోస్టను శిశువుల ఆసుపత్రిలో ఎనిమిదేండ్ల పోలియో బాలికను స్మృతి తప్పిన స్థితిలో దీనియందుంచిరి. కొలది నిమిషములలో ఆమెకు తెలివి వచ్చెను. చూచినవారు అద్భుతమనిరి. కాని కొలది దినములకే న్యుమోనియా ఆ బాలికను తీసికొనిపోయినది. యంత్రము ఊపిరిని ఆడించగలిగెనే గాని, ఊపిరితిత్తులలో చేరిన వ్యాధిని ఆపజాలకపోయెను. తరువాతి చరిత్రమంతయు ఆ యొక్క శిశువు మరణమునందే సూచితమైనదని చెప్పవచ్చును.

ఆ దినములలో హార్వర్డ్ వైద్యకళాశాలలోనే యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన సల్పుచుండెను. ఆయన 1895లో భీమవరమున జనించి, మదరాసు హిందూ ఉన్నత పాఠశాలయందును, పిదప మదరాసు వైద్యకళాశాలయందును చదివినవాడు. సైరస్ ఫిస్కెతో కలిసి కండరములలో శక్తిని నిలువచేయు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లో ఆయన వెల్లడించెను. డ్రింకరు యంత్రముతో ఆయనకు సంబంధము లేదు. మన కథలో ఆయన పాత్ర ఇరువది యేండ్ల తరువాతిది. 1940లో ఆయన లెడర్లీ సంస్థకు వెడలి, అచ్చటి పరిశోధనకు అధిపతి యయ్యెను. ఆయన ఆధ్వర్యమున బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అను ఔషధమును సాధించెను. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసెను. టెట్రాసైక్లిన్ వర్గమున మొదటిది ఈ ఔషధమే. పెన్సిలిన్‌కు లొంగని పలు సూక్ష్మజీవులను అది అణచగలిగెను. పండ్లకు మచ్చలు పడునను కారణమున ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు నేడు ఈ వర్గపు మందులను సాధారణముగా ఇయ్యకున్నను, ఊపిరితిత్తుల వ్యాధులపై జరిగిన పోరాటమున అది గొప్ప మెట్టు.

యంత్రమున్నది, మందులు వచ్చినవి. ఇక బిడ్డలు బ్రతుకుదురని తోచును. అది చాలదని 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో చెలరేగిన పోలియో తెలియజేసినది. బ్లేగ్డామ్ ఆసుపత్రికి దినదినమును రోగులు వచ్చి పడుచుండిరి. అచ్చట రోగిని పూర్తిగా లోనుంచు ఇనుప యంత్రము ఒకటియే యుండెను. రొమ్మునకు మాత్రము తొడుగు చిన్న యంత్రములు ఆరు. మొదటి వారములలో ఊపిరి చెడిన 31 మందిలో 27 మంది మరణించిరి. వారిలో పలువురు మ్రింగలేనివారు. యంత్రము గాలిని లోనికి లాగినకొలది, గొంతులో నిలిచిన చొంగయు కఫమును దానితోపాటు లోనికి దిగెను.

ఆసుపత్రి ముఖ్యవైద్యుడు లాసెన్, మత్తుమందు వైద్యుడైన బ్యోర్న్ ఇబ్సెన్‌ను సలహాకై పిలిపించెను. బోస్టనులో శిక్షణ పొందివచ్చిన ఇబ్సెన్, మరణించినవారి రక్తపరీక్షల ఫలితములను చూచి వైద్యుల భ్రమను కనిపెట్టెను. రక్తమున క్షారము హెచ్చినదని వారనుకొనుచుండిరి. నిజమునకు ఊపిరి చాలక బొగ్గుపులుసు వాయువు రక్తమున నిండిపోవుచుండెను. ఆగస్టు 27వ తేదీన పండ్రెండేండ్ల బాలికకు చికిత్స జరిగినది. గొంతు క్రింద శ్వాసనాళమునకు రంధ్రముచేసి గొట్టమును అమర్చిరి. గొట్టము చుట్టునున్న గాలిబుడ్డ చొంగను లోనికి దిగనీయదు. లోపలి కఫమును పీల్చివేసి, ఇబ్సెన్ రబ్బరు తిత్తిని చేతితో నొక్కుచు గాలి నింపెను. మృత్యుముఖమున నున్న ఆ బాలిక బ్రతికినది.

ఊపిరితిత్తి యను మన మాటలోనే కొలిమితిత్తి యున్నది. కోపెన్‌హాగెన్‌లో ఆ తిత్తి అక్షరాల మనుష్యుల చేతికి వచ్చినది. ఒకే సమయమున 70 మంది రోగులకు ఊపిరి ఊదవలసి వచ్చెను; అన్ని యంత్రములు అచ్చట లేవు. సుమారు 1,500 మంది వైద్య, దంతవైద్య విద్యార్థులు వంతులవారీగా పగలును రాత్రియును పడకల ప్రక్క కూర్చుండి తిత్తులను నొక్కిరి. తమ చేయి ఆగిన బిడ్డ ప్రాణమాగునని వారెరుగుదురు. కొందరు బిడ్డలు వారి కన్నుల యెదుటనే మరణించిరి. ఐనను మరణములు క్రమముగా సగమునకు దిగెను. 1953లో ఇబ్సెన్ అదే నగరపు మరియొక ఆసుపత్రిలో, ఇట్టి రోగులను అహర్నిశలు కనిపెట్టుటకు ప్రత్యేకశాలను నెలకొల్పెను. నేటి ఇంటెన్సివ్ కేర్ విభాగములకు అది మాతృక.

మనదేశమున 2011 జనవరిలో హౌరాలో తుది పోలియో రోగి కనబడెను. 2014 మార్చి 27న పోలియో తొలగినదని ప్రకటింపబడినది. కాని మెదడు దెబ్బతిన్న శిశువులును, వెన్నుపాము నరకణములు క్షీణించు కండరబలహీనతగల శిశువులును నేటికిని కలరు. ఈ రెండవ వ్యాధి వంశానుగతము. తలిదండ్రు లిరువురును దోషమును గుప్తముగా మోయునప్పుడు ప్రతి కాన్పునందును నాలుగింట ఒక వంతు అవకాశమున శిశువునకు సంక్రమించును. మేనరికములు వాడుకగా నున్నచోట, ముఖ్యముగా సంబంధములను కొద్ది కుటుంబములలోనే వెదకుకొను చిన్న వర్గములలో, ఇట్టి కలయికకు అవకాశము హెచ్చు. పరదేశమున స్థిరపడియు తెలుగుదనమును కాపాడుకొన్న మన కుటుంబములు ఈ మాటను యోచింపవలయును. ఇందుకు తల్లిని నిందించుట అజ్ఞానము.

ముక్కునకు తొడుగు అమర్చి గాలి నింపు చిన్న యంత్రములు, దగ్గించు యంత్రములు, కఫమును పీల్చు సాధనములు ఇప్పుడు ఇంటివరకు వచ్చినవి. న్యుమోనియా కారకములలో ఒకదానికి టీకా 2011 డిసెంబరులో తమిళనాడు, కేరళలలో ప్రభుత్వ పథకమున మొదలైనది. మరియొక టీకా 2021 నాటికి దేశమంతట విస్తరించినది. ఐనను సాధనము లెన్ని వచ్చినను కోపెన్‌హాగెన్ పాఠము మారలేదు: గాలి నింపుటయు, కఫమును తీయుటయు, మ్రింగుటను కనిపెట్టుటయు ఒకే పని. ఒకదానిని విడిచినచో తక్కినవి వ్యర్థము.

ఆ పని నేడును ముఖ్యముగా తల్లి చేతులదే. బిడ్డను నిటారుగా కూర్చుండబెట్టి మెల్లగా తినిపించునది ఆమె. మాటిమాటికి పొలమారుట, భోజనానంతరము గొంతు గురగురలాడుట ముందుగా కనిపెట్టునది ఆమె. రాత్రి లేచి కఫము తీయునది ఆమె. కోపెన్‌హాగెన్‌లో ఒక్కొక్క తిత్తికి చేతులు మారెను. మన యిండ్లలో ఆమె చేయి మార్చువారు లేరు. బంధువులును, ఇరుగుపొరుగువారును, ఇట్టి సంఘములును దినమునకొక గడియ యైనను ఆ వంతు తీసికొనగలిగిననాడు, ఈ చరిత్రను చదివినందుకు ఫలమున్నదని యనుకొనవచ్చును.