చెవుల ఎలుక బొమ్మ కుట్టిన ఆడవాళ్ల చరిత్ర



మా సంఘంలో పది మందిమి. అందరికంటే ఎక్కువ చదివినవాళ్లు పదో తరగతి. అయినా ఈసారి నివేదికలో చరిత్ర రాస్తున్నాం. ఎందుకంటే ఆ చరిత్ర తెలియక మేము ఒక నెల రోజులు మీటింగులో కొట్టుకున్నాం.

మొదట మా ఊళ్లోనే ఒక తల్లి ఫోన్‌లో ఫొటో చూపించి, బాబు పుట్టినరోజుకు మిక్కీ మౌస్ బొమ్మ కుట్టిపెట్టమంది. గుండ్రటి నల్ల చెవులు, ఎర్ర నిక్కరు, పసుపు బూట్లు. ముగ్గురం మూడు సాయంత్రాలు కూర్చుని కుట్టాం. 350 రూపాయలు ఇచ్చింది. గుడ్డకి, దూదికి, దారానికి 190 పోయింది. మిగిలిన 160 పంచుకుంటే ఒక్కొక్కరికి పూటకు ఇరవై కూడా పడలేదు. అయినా బొమ్మ చూసి బాబు నవ్వాడని మేమూ సంబరపడ్డాం.

ఆ బొమ్మ చూసి టౌనులో ఒక ఫ్యాన్సీ షాపాయన సంక్రాంతికి అలాంటివే వంద కావాలన్నాడు. ఒక్కోటి 300 చొప్పున 30,000 రూపాయలు. అప్పు కిస్తీ దగ్గరపడింది. అందరం ఊఁ అన్నాం. అప్పుడు మాలో ఒకావిడ అడిగింది, "ఈ ఎలుక ఎవరిదే? మనం కుట్టి అమ్ముకోవచ్చా?" ఎవరి దగ్గరా జవాబు లేదు. కుట్టు నేర్పే మేడమ్‌ని అడిగితే ఆమె ఈ కథంతా చెప్పారు.

గుడ్డ బొమ్మ మనకు కొత్త కాదు. మన అమ్మమ్మలు పాత చీర ముక్కలు చుట్టి, బొగ్గుతో కళ్లు పెట్టి ఇచ్చేవారు. కానీ దాన్ని ఎవరూ అమ్మలేదు. అమ్మే పనిగా చేసిన వాళ్లలో పేరున్న ఆడమనిషి జర్మనీలో మార్గరెట్ స్టైఫ్. 1847లో పుట్టింది. చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్లు పడిపోయాయి, కుడి చెయ్యి కూడా సరిగ్గా ఆడేది కాదు. అయినా కుట్టు నేర్చుకుంది. 1880లో సూదులు గుచ్చుకోవడానికి ఉన్ని గుడ్డతో చిన్న ఏనుగుని కుట్టింది. పిల్లలు దాన్ని ఆటబొమ్మగా పట్టుకుపోయారు. అక్కడినుంచే ఆమె బొమ్మల వ్యాపారం మొదలైంది.

కార్టూన్ చూసి బొమ్మ కుట్టడం అమెరికాలో 1902లో జరిగింది. కట్టేసి ఉన్న ఎలుగుబంటిని కాల్చనన్న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మీద పేపర్లో కార్టూన్ వచ్చింది. బ్రూక్లిన్‌లో మిఠాయి కొట్టు నడిపే మిచ్‌టమ్ దంపతులు అది చూసి గుడ్డ ఎలుగుబంటిని కుట్టి కొట్లో పెట్టారు. దానికే టెడ్డీ అని పేరు. మరుసటి ఏడాది 1903లో ఇంగ్లండులో బియాట్రిక్స్ పాటర్ అనే రచయిత్రి తన పుస్తకంలోని కుందేలుని తానే బొమ్మగా కుట్టి, ఇంకెవరూ కుట్టుకోకుండా రిజిస్టర్ చేయించుకుంది. అంటే హక్కుల గొడవ నిన్నా మొన్నా వచ్చింది కాదు.

ఇక మన ఎలుక సంగతి. మిక్కీ 1928లో సినిమా తెర మీదికి వచ్చింది. 1930లో లాస్ ఏంజెలెస్‌లో షార్లట్ క్లార్క్ అనే ఆవిడకి ఆ బొమ్మ కుట్టాలని పుట్టింది. చూసి కుట్టడానికి చేతిలో పటం లేదు. బాబ్ క్లాంపెట్ అనే మేనల్లుడిని సినిమా హాలుకి పంపింది. ఆ కుర్రాడు తెర మీద చూస్తూ గీసుకొచ్చాడు. ఆ గీతల నుంచి ఆవిడ కటింగ్ తీసి బొమ్మ కుట్టింది. కుట్టగానే బజారుకి పట్టుకెళ్లలేదు. ముందు ఆ ఎలుక సొంతదారు వాల్ట్ డిస్నీ దగ్గరికి తీసుకెళ్లి చూపించారు. ఆయనకి ఎంత నచ్చిందంటే, తన స్టూడియో దగ్గర్లోనే ఇల్లు అద్దెకు తీసి ఆవిడకి పని అప్పగించాడు. ఆరుగురు ఆడవాళ్లు తోడయ్యారు. ఆ ఏడాది నవంబరుకి వారానికి 300 నుంచి 400 బొమ్మలు తయారయ్యేవి. 300 అనుకున్నా ఏడుగురిలో ఒక్కొక్కరికి వారానికి 43 పడతాయి. మాకు ఒక్క బొమ్మకి మూడు సాయంత్రాలు పట్టింది!

అయినా అడిగినవాళ్లందరికీ చాల్లేదు. 1932లో మెకాల్ కంపెనీ ద్వారా ఆ బొమ్మ కటింగ్ కాగితాన్ని అనుమతితోనే అమ్మకానికి పెట్టారు. ఇంట్లో ఎవరికి వారు కుట్టుకోవచ్చు. మేనల్లుడు తర్వాత తానే పేరున్న కార్టూన్ దర్శకుడయ్యాడు.

ఈ కథ విన్నాక షాపాయన దగ్గరికి వెళ్లి అనుమతి కాగితం ఉందా అని అడిగాం. "2024లోనే హక్కు అయిపోయిందమ్మా, ఫోన్‌లో వచ్చింది" అన్నాడు. మేడమ్‌ని మళ్లీ అడిగాం. 2024లో హక్కు అయిపోయింది అమెరికాలో, అదీ 1928 నాటి నలుపు తెలుపు ఎలుకకే. పైగా ట్రేడ్‌మార్కు వేరే ఉంది. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కాగితం మీద గీసిన బొమ్మని గుడ్డతో ఆకారంగా కుట్టాలన్నా హక్కుదారు ఒప్పుకోవాలి.

మీటింగులో చేతులెత్తమన్నాం. వద్దన్నవాళ్లు ఆరుగురు, కుడదామన్నవాళ్లు నలుగురు. "కిస్తీ ఎవరు కడతారు, ఆ చట్టం కడుతుందా?" అని ఒక చెల్లి ఏడ్చింది. ఆ మాట తప్పు కాదు. అందుకే ఆ నెల ఆమె కిస్తీకి సంఘం పొదుపు నుంచి సర్దాలని అదే రోజు తీర్మానం రాసుకున్నాం. వంద బొమ్మల ఆర్డరు వదిలేశాం.

తర్వాత మా సొంత కటింగ్ తీశాం. చెవులు చీర అంచుతో కుట్టిన ఏనుగు పిల్ల. సంక్రాంతికి 22 అమ్మాం, ఒక్కోటి 280కి. 30,000 రాలేదు, 6,160 వచ్చింది. కానీ ఆ కటింగ్ కాగితం మాది. దాని మీద సంఘం పేరు, తేదీ రాసి పది మందిమీ సంతకాలు పెట్టి తీర్మానాల పుస్తకంలో అంటించాం.

అక్కలూ, మీ సంఘానికి కార్టూన్ బొమ్మ ఆర్డరు వస్తే ముందు రెండు అడగండి. ఇది ఎవరి బొమ్మ? ఒక్క బొమ్మకి మనకి ఎన్ని పూటలు పడుతుంది? ఈ రెండూ తెలిశాకే గుడ్డ మీద కత్తెర పెట్టండి. ఏనుగు కటింగ్ కావాలంటే మా దగ్గరికి రండి, మేము నేర్పుతాం.